విండోస్ వేస్తుంటే డిస్క్ కనిపించట్లేదు, షాపాయనేమో ఎస్‌ఎస్‌డి పోయిందంటున్నాడు

నాగావళి_కుర్రోడు
మా చెల్లి డిగ్రీలో చేరింది. హైదరాబాద్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకు దగ్గర సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ తీసుకున్నాం. ఇంటెల్ ఐ5, 12వ జనరేషన్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి (ఫైళ్ళన్నీ ఉండే డిస్క్). అందులో అన్నయ్య పాత ఫైళ్ళూ, ఏవేవో సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయని మొత్తం తుడిచేసి విండోస్ 11 కొత్తగా వేద్దామనుకున్నాను. ఫ్రెండ్ ఇంట్లో పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నాను. బూట్ అయింది, భాష అడిగింది, కీ అడిగింది, అంతా బాగానే నడిచింది. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో అడిగే పేజీకి వచ్చేసరికి లిస్టు ఖాళీ. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ (డిస్క్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) కోసం లోడ్ డ్రైవర్ నొక్కమంటోంది.

నిన్న సాయంత్రం శ్రీకాకుళం టౌన్‌లో ఒక షాపుకి పట్టుకెళ్ళాను. ఆయన రెండు నిమిషాలు చూసి "ఎస్‌ఎస్‌డి పోయింది, కొత్తది 4,800 అవుద్ది, వేసేమంటావా?" అన్నాడు. మొన్న రాత్రి దాకా శుభ్రంగా పనిచేసింది, ఇంతలోకే పోవడమేటండి? బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల పేజీ) వెళ్తే ఎస్‌ఎస్‌డి పేరు, 512 జీబీ అని కనిపిస్తూనే ఉంది. సోమవారం నుంచి చెల్లికి క్లాసులు. నాకు టెన్షన్‌గా ఉంది.

పొందూరు_దారం
4,800 ఇచ్చి కొత్తది వేయించుకోండి. అదీ కనిపించదు. అప్పుడు మదర్‌బోర్డు పోయిందంటాడు.

గంటస్తంభం_రిపేర్లు
దారం గారు జోక్‌గా అన్నారు గానీ జరిగేది అదే. విజయనగరంలో మా షాపుకి ఇలాంటి కేసులు నెలకి నాలుగైదు వస్తాయి, అందులో సగం "ఎస్‌ఎస్‌డి మార్చాలన్నారు" అంటూనే వస్తాయి. పూర్తిగా పోయిన ఎస్‌ఎస్‌డి మామూలుగా బయోస్‌లో తన పేరూ సైజూ చెబుతూ కూర్చోదు.

ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్‌ని ఆన్ చేసి పంపిస్తున్నారు. ఎన్‌వీఎంఈ అనే ఇప్పటి రకం ఎస్‌ఎస్‌డి దాని చాటున ఉంటుంది. విండోస్ సెటప్‌కి ఎన్‌వీఎంఈ డ్రైవర్ పుట్టుకతో వచ్చింది, వీఎండీ డ్రైవర్ మాత్రం రాలేదు. గుమ్మంలో కూర్చున్న మనిషితోనే మాట కలవనప్పుడు లోపల ఎవరున్నారో దానికి ఎలా తెలుస్తుంది? వీఎండీ కోసం ఇంటెల్ ఇచ్చే ఆర్‌ఎస్‌టి డ్రైవర్ దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ లోడ్ డ్రైవర్ దగ్గర చూపించు తమ్ముడూ. పైసా ఖర్చు లేదు.

కంచిలి_కొబ్బరి
ఇంత కథ అక్కర్లేదు. బయోస్‌లో ఆ వీఎండీని ఆపేస్తే డిస్క్ వెంటనే కనిపిస్తుంది. నేను మూడు లాప్‌టాప్‌లకి అలాగే చేశాను. రెండు నిమిషాల పని.

నాగావళి_కుర్రోడు
బయోస్ మొత్తం గాలించాను అన్నయ్యా, వీఎండీ అనే మాటే లేదు.

కంచిలి_కొబ్బరి
కొన్ని మోడళ్ళలో దాచి పెడతారు. బయోస్‌లో మెయిన్ అనే ట్యాబ్ మీద ఉండి కంట్రోల్, ఎస్ రెండూ కలిపి నొక్కి చూడు.

నాగావళి_కుర్రోడు
ఓలమ్మో! నొక్కగానే కింద కొత్త లైను పుట్టుకొచ్చింది. వీఎండీ కంట్రోలర్, ఎనేబుల్డ్ అని ఉంది. ఆపేసేదా?

బొబ్బిలి_వీణ
ఆగు బాబూ, ఒక్క నిమిషం. ఇదే సలహా ఎక్కడో చదివి నేను చేసిన నిర్వాకం విన్నాక ఆపు.

మా ఆయన లాప్‌టాప్‌లో విండోస్ బాగానే నడుస్తోంది. పక్కన లినక్స్ కూడా వేద్దామని మొదలుపెట్టాను. వీఎండీ ఆపమని ఎవరో రాస్తే ఆపేశాను. తర్వాత విండోస్ ఆన్ చేస్తే నీలం స్క్రీన్, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని. మళ్ళీ ఆన్ అయింది, మళ్ళీ నీలం. మూడోసారి ఇంకో నీలం పేజీ వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడిగింది. అసలు బిట్‌లాకర్ అనేది మా ఇంట్లో ఉందనే నాకు తెలియదు! ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపు సరిచేయాలని నా తాపత్రయం. వీఎండీని మళ్ళీ ఆన్ చేశాక బూట్ అయింది గానీ, ఆ గంటన్నరలో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో కూడా లెక్కపెట్టలేదు. పప్పు అడుగంటింది.

పొందూరు_దారం
48 అంకెలూ, 48 విజిల్సూ.

గంటస్తంభం_రిపేర్లు
వీణ గారికి జరిగిందే చాలామందికి జరుగుతుంది. లోపల ఉన్న విండోస్ వీఎండీ డ్రైవర్‌తో లేవడానికి అలవాటు పడి ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవర్లు ముందుగా ఎక్కాలో రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టా) రాసి ఉంటుంది, ఆ జాబితాలో ఉన్నది వీఎండీ డ్రైవర్. మనం బయోస్‌లో దారి మార్చేశాం, అది పాత దారిలోనే వెతికి, డిస్క్ దొరక్క నీలం స్క్రీన్ వేస్తుంది.

నడుస్తున్న విండోస్‌ని ఉంచుకునే వీఎండీ ఆపాలంటే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాలి. తర్వాత విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్ళి అప్పుడు వీఎండీ ఆపాలి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచిందంటే సరైన డ్రైవర్‌ని అదే పట్టుకుంటుంది. ఆ తర్వాత టిక్ తీసేసి మామూలుగా లేపడమే.

కుర్రోడు ఎలాగూ మొత్తం తుడిచేస్తున్నాడు కాబట్టి అతనికి ఈ గొడవ లేదు. అయినా నేను ఆపమని చెప్పను.

కంచిలి_కొబ్బరి
ఎందుకు చెప్పరు మాస్టారూ? ఉన్నది ఒక్క డిస్క్. రెయిడ్ (డిస్క్‌లని జతకట్టడం) లేదు, ఏమీ లేదు. వీఎండీ వల్ల ఆ పిల్లకి ఒరిగేదేటి?

గంటస్తంభం_రిపేర్లు
ఒరిగేది ఏమీ లేదు, ఒప్పుకుంటాను. ఆపేశాక వచ్చే తలనొప్పి గురించే నా బాధ. క్రితం ఏడు ఒక కస్టమర్‌కి మీరు చెప్పినట్టే ఆపేసి విండోస్ వేసిచ్చాను. ఎనిమిది నెలలు బాగా నడిచింది. ఒకరోజు అప్‌డేట్లతో పాటు బయోస్ అప్‌డేట్ కూడా వచ్చి, సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో ఎలా ఉన్నాయో అలా అయిపోయాయి. వీఎండీ మళ్ళీ ఆన్. నీలం స్క్రీన్. ఆయన చీపురుపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, "మీరు వేసిన విండోస్ పాడైపోయింది" అని షాపు ముందు నలుగురు వినేలా అడిగాడు. నేను చేసింది బయోస్‌లో ఒక్క లైను మార్చడం, అరనిమిషం. పోయిన మాట మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి బయోస్ ముట్టుకోను, డ్రైవర్ వేస్తాను.

కంచిలి_కొబ్బరి
అది మీ షాపు సమస్య. ఇంట్లో వాడుకునేవాడికి బయోస్‌లో ఏం మార్చాడో గుర్తుంటుంది. వీఎండీ ఉంచితే విండోస్ రిపేర్ చేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ పెన్‌డ్రైవ్‌లో మళ్ళీ డ్రైవర్ వెతుక్కోవాలి. దాని మాటేటి?

గంటస్తంభం_రిపేర్లు
అదీ నిజమే. అందుకే డ్రైవర్ ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో శాశ్వతంగా ఉంచుతాను.

కంచిలి_కొబ్బరి
పెన్‌డ్రైవ్ ఇంట్లో ఎవరూ పాటలకి వాడకుండా ఉంటే.

నాగావళి_కుర్రోడు
మీ ఇద్దరూ కొట్టుకునేలోపు నాకొక డౌట్. బయోస్‌కి డిస్క్ కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్ నుంచి సెటప్ కూడా లోడ్ అయింది. మరి సెటప్‌కి మాత్రం డిస్క్ ఎందుకు కనిపించదు? రెండూ ఒకే మిషన్‌లోనే కదా ఉన్నాయి.

జీడిపప్పు_లినక్స్
మంచి ప్రశ్న. మనూళ్ళో ఒక సామెత ఉంది కదా, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అని. బూట్ డ్రైవర్ కథ అచ్చం అదే. డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి. డ్రైవర్ ఉన్నది డిస్క్‌లో.

మొదట్లో బయోస్ సాయం చేస్తుంది. దానికి డిస్క్‌నీ పెన్‌డ్రైవ్‌నీ చదవడం సొంతంగా వచ్చు. అది పెన్‌డ్రైవ్ నుంచి బూట్ లోడర్‌ని తెస్తుంది, బూట్ లోడర్ బయోస్ సాయంతోనే విండోస్ సెటప్‌ని మోసుకొచ్చి ర్యామ్‌లో పెడుతుంది. అందుకే అక్కడిదాకా అంతా సజావుగా నడుస్తుంది. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లేచిన మరుక్షణం పగ్గాలు దానివే. అప్పటినుంచి డిస్క్‌తో బయోస్ ద్వారా మాట్లాడదు, తన డ్రైవర్‌తోనే మాట్లాడుతుంది. దాని మూటలో వీఎండీ డ్రైవర్ లేకపోతే డిస్క్ లేనట్టే లెక్క.

లినక్స్‌లో ఈ మూటకి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని పేరుంది. దారిలో హోటల్ దొరకదని ఇంటి దగ్గరే కట్టుకొచ్చిన చద్దిమూట అనుకోండి. అసలు డిస్క్ తెరుచుకునేదాకా కావలసిన డ్రైవర్లు అందులో ఉంటాయి. విండోస్ సెటప్‌కి ఆ మూట బూట్.విమ్ అనే ఫైలు.

దీని దెబ్బ నేను 2018 అక్టోబర్‌లో తిన్నాను. తిత్లీ తుఫాను మా పలాస వైపు ఎలా ఊడ్చేసిందో మీకు చెప్పక్కర్లేదు, జీడితోటలు కళ్ళముందే నేలకొరిగాయి. మా ఇంట్లో రేకు లేచిపోయి కంప్యూటర్ మీద నీళ్ళు పడ్డాయి. మదర్‌బోర్డు పోయింది, డిస్క్ బతికింది. కరెంటు వచ్చాక ఆ డిస్క్‌ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి మావయ్య కంప్యూటర్‌కి తగిలించి అక్కడినుంచే అందులోని ఫెడోరా లినక్స్ బూట్ చేద్దామని చూశాను. మెనూ వచ్చింది, కెర్నెల్ లేచింది, తర్వాత రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉండి, రూట్ (అసలు సిస్టమ్ ఉండే చోటు) దొరకలేదని చెప్పి, ఆ మూట కట్టే డ్రాకట్ వాళ్ళ ఎమర్జెన్సీ షెల్‌లో వదిలేసింది. అదే డిస్క్ నుంచి కెర్నెల్ వచ్చింది, ఆ కెర్నెల్‌కే ఆ డిస్క్ కనిపించలేదు!

ఫెడోరా తన మూటని ఆ మిషన్‌కి ఎంత కావాలో అంతే కడుతుంది. పాత మిషన్‌లో డిస్క్ సాటా కేబుల్ మీద ఉండేది, యూఎస్‌బీ డిస్క్ డ్రైవర్‌తో పనే లేదు, కాబట్టి కట్టలేదు. బూట్ మెనూలో రెస్క్యూ అని ఇంకో లైను ఉంటుంది చూడండి, దాని మూటలో అన్ని రకాల డ్రైవర్లూ ఉంటాయి. దాంతో లేపి, డ్రాకట్ కమాండ్‌తో మూట మళ్ళీ కట్టించాను.

నాగావళి_కుర్రోడు
ఇప్పుడు అర్థమైంది అన్నయ్యా. చద్దిమూట మా నాయనమ్మకి కూడా అర్థమవుద్ది.

పొందూరు_దారం
డ్రైవర్ లేకుండా బస్సు ఆమదాలవలస దాటదు, డిస్క్ ఎలా కదులుద్ది. ఇంత రాయడం ఎందుకు.

గంటస్తంభం_రిపేర్లు
జీడిపప్పు గారు మూట అంటే నాకు ఫ్లాపీ గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లలకి లోడ్ డ్రైవర్ బటన్ ఉంది, అదృష్టవంతులు. ఎక్స్‌పీ రోజుల్లో మా పాట్లు పగవాడికి కూడా వద్దు.

2008 ప్రాంతంలో కొత్త లాప్‌టాప్‌లు విస్టాతో వచ్చేవి. కస్టమర్లకి మాత్రం ఎక్స్‌పీయే కావాలి. సీడీ పెట్టి బూట్ చేస్తే నీలం స్క్రీన్‌లో కాసేపు ఫైళ్ళు చదివి, ఈ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కే లేదు పొమ్మనేది. సాటా డిస్క్ ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉంటే ఎక్స్‌పీకి తెలియదు. డ్రైవర్ ఇవ్వాలంటే సెటప్ మొదలవగానే అడుగున ఒక లైను వస్తుంది, ఎఫ్6 నొక్కమని. అది ఉండేది నాలుగైదు సెకన్లు. నొక్కితే స్క్రీన్ మీద ఏ మార్పూ ఉండదు, పడిందో లేదో తెలియదు. పడిందన్న నమ్మకం కోసం టకటకా పదిసార్లు కొట్టేవాళ్ళం. చాలాసేపటికి పేజీ వస్తుంది, ఎస్ నొక్కితే డ్రైవర్ అడుగుతుంది. అదీ ఫ్లాపీలోనే. సీడీలో ఉంటే చదవదు, పెన్‌డ్రైవ్‌లో ఉంటే చదవదు. 'ఏ' అనే పేరున్న డ్రైవ్‌లో ఫ్లాపీ ఉండి తీరాలి.

లాప్‌టాప్‌కి ఫ్లాపీ ఎక్కడిది? యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి విశాఖ నుంచి తెప్పించుకున్నాం. మూడు షాపులకీ కలిపి అదొక్కటే. మధ్యాహ్నం కోట జంక్షన్ దగ్గర ఒకాయన దగ్గరుంటే సాయంత్రం నా దగ్గర. వర్షాకాలంలో ఫ్లాపీలకి బూజు పట్టేది. డ్రైవర్ 90 శాతం చదివి, ఫలానా ఫైలు దొరకలేదు అనేది. మళ్ళీ కొత్త ఫ్లాపీ, మళ్ళీ ఎఫ్6. చివరికి విసిగిపోయి ఎన్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్‌తో డ్రైవర్లన్నీ ఎక్స్‌పీ సీడీలోకే ఎక్కించి పెట్టుకున్నాను. ఆ సీడీ మీద స్కెచ్ పెన్‌తో "ఎఫ్6 వద్దు" అని రాశాను. ఇప్పటికీ షాపు సొరుగులో ఉంది.

కంచిలి_కొబ్బరి
అప్పుడు కూడా బయోస్‌లో ఏహెచ్‌సీఐ తీసి పాత ఐడీఈ మోడ్ పెట్టేస్తే అయిపోయేది. నేనలాగే చేసేవాణ్ణి.

పొందూరు_దారం
కొబ్బరి గారు పుట్టగానే బొడ్డు కోయడానికి ముందు బయోస్‌లో ఏదో ఆపేసి ఉంటారు.

కంచిలి_కొబ్బరి
😂 పని అయిందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

టెక్కలి_టీచరమ్మ
మా స్కూల్ ల్యాబ్ ముచ్చట కూడా వినండి. కొన్నేళ్ళ క్రితం దాతలు ఆరు డెస్క్‌టాప్‌లు ఇచ్చారు, అప్పటికి కొత్త రకమే. పాఠాల సాఫ్ట్‌వేర్ విండోస్ 7లోనే నడుస్తుందని 7 వేయమన్నారు. పెన్‌డ్రైవ్ పెడితే బూట్ అయింది. మొదటి పేజీలోనే, కావలసిన సీడీ, డీవీడీ డ్రైవర్ లేదు అన్నది. ఆ కంప్యూటర్లకి సీడీ డ్రైవే లేదు! లేని దానికి డ్రైవర్ అడుగుతోందేమిటని నేనూ మా లెక్కల మాస్టారూ గంటసేపు సీడీ డ్రైవర్ల కోసం నెట్‌లో వెతికాం. పైగా కీబోర్డు పనిచేయదు, మౌస్ కదలదు.

చివరికి తెలిసిందేమిటంటే, అది అడిగేది సీడీ గురించి కాదు, యూఎస్‌బీ గురించి. విండోస్ 7కి యూఎస్‌బీ 3 తెలియదు. పెన్‌డ్రైవ్ నుంచే లేచి, లేచాక ఆ పెన్‌డ్రైవే కనబడక గోల పెడుతోంది. పాత కంప్యూటర్లకైతే వెనకాల ఉన్న యూఎస్‌బీ 2 పోర్టులోకి మారిస్తే సరిపోయేది. వీటిలో అన్ని పోర్టులూ కొత్త కంట్రోలర్ మీదే ఉన్నాయి. స్టోర్ రూమ్‌లోంచి గుండ్రటి పిన్ను ఉన్న పాత పీఎస్2 కీబోర్డు తీసి, దుమ్ము దులిపి పెడితే అదొక్కటి పనిచేసింది. తర్వాత యూఎస్‌బీ 3 డ్రైవర్లు కలిపిన పెన్‌డ్రైవ్ చేసుకుని వేశాం.

జీడిపప్పు_లినక్స్
టీచర్ గారూ, ఆ పాత మెసేజ్ చాలామందిని తప్పుదారి పట్టించింది. విండోస్ 7కి ఎన్‌వీఎంఈ కూడా తెలియదు, మైక్రోసాఫ్ట్ తర్వాత హాట్‌ఫిక్స్‌గా ఇచ్చింది. 8.1 నుంచి సొంతంగా వచ్చింది. 2020 జనవరి 14తో 7కి సపోర్టే అయిపోయింది, ఇక దాని జోలికి పోకండి.

టెక్కలి_టీచరమ్మ
ఎప్పుడో వదిలేశాం బాబూ. ఇప్పుడు ఉబుంటు. పిల్లలకి తేడా కూడా తెలియలేదు, గేమ్స్ ఏవని మాత్రం అడిగారు.

కొత్తగా_చేరా_77
నాకూ సేమ్ ప్రాబ్లం. డెస్క్‌టాప్, పాత హార్డ్ డిస్క్. సెటప్‌లో కనిపించదు, బయోస్‌లో కూడా కనిపించదు. ఏ డ్రైవర్ వేయాలి?

గంటస్తంభం_రిపేర్లు
ఏ డ్రైవరూ కాదు. బయోస్‌కే కనిపించకపోతే కేబులో, పవరో, డిస్కో చూసుకోవాలి. సాటా కేబుల్ రెండు వైపులా తీసి మళ్ళీ గట్టిగా పెట్టు, ఆ తర్వాత ఇంకో పోర్టులో పెట్టి చూడు. బయోస్‌లో ఉండి సెటప్‌లో లేకపోతేనే ఈ డ్రైవర్ గొడవ. ఇదొక్కటి తెలిస్తే ఆ షాపాయన 4,800 అని ఉండేవాడు కాదు. లేక తెలిసే అన్నాడేమో.

మోడరేటర్
77 గారూ, మీ సమస్య వేరు కాబట్టి వేరే దారం తెరవండి. ఇక్కడ దారాలు చిక్కు పడుతున్నాయి.

పొందూరు_దారం
నన్నెందుకు లాగుతారు?

కొత్తగా_చేరా_77
కేబుల్ తీసి పెట్టాను, వచ్చేసింది. ఎలక కొరికింది అండి. కొత్త దారం అక్కర్లేదు.

నాగావళి_కుర్రోడు
నేనింకా అక్కడే ఉన్నాను. ఇంటెల్ సైట్‌లో ఆర్‌ఎస్‌టి దించి, ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, లోడ్ డ్రైవర్ నొక్కి బ్రౌజ్‌లో పెన్‌డ్రైవ్ చూపించాను. డ్రైవర్లేవీ దొరకలేదు, సరైన డ్రైవర్లున్నాయో లేదో చూసుకో అంటోంది. మళ్ళీ టెన్షన్.

గంటస్తంభం_రిపేర్లు
నువ్వు పెట్టింది సెటప్ ఆర్‌ఎస్‌టి అనే ఈఎక్స్‌ఈ ఫైలేనా?

నాగావళి_కుర్రోడు
అవును మాస్టారూ.

గంటస్తంభం_రిపేర్లు
అది నడుస్తున్న విండోస్‌లో డబుల్ క్లిక్ చేసుకోవడానికి. సెటప్‌కి కావలసింది దాని పొట్టలో ఉన్న, డ్రైవర్ వివరాలు రాసి ఉండే ఐఎన్‌ఎఫ్ ఫైలు, దానితో పాటు ఉండే మిగతా ఫైళ్ళు. మీ ఫ్రెండ్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఫైలు పేరు కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, చిన్న గీత పెట్టి దాన్ని ఆనుకుని ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని ఒకే మాటగా రాసి, మళ్ళీ ఖాళీ ఇచ్చి నీకు నచ్చిన ఫోల్డర్ పేరు ఇవ్వు. ఆ ఫోల్డర్‌లో డ్రైవర్లు విడిగా వస్తాయి. అందులో వీఎండీ అని పేరున్నది తీసుకుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయి. నాన్ వీఎండీ అని ఇంకోటి కనిపిస్తే అది కాదు.

దించుకునేటప్పుడు పేజీలో ఏ జనరేషన్ల నుంచి ఏ జనరేషన్ల దాకా అని రాసి ఉంటుంది, నీ 12 అందులో ఉందో లేదో చూసుకో. కొత్త వెర్షన్ కదా అని పాత మిషన్‌కి వేస్తే ఎక్కదు.

జీడిపప్పు_లినక్స్
ఒక తమాషా గమనించండి. ఆ ఫోల్డర్ పేరు ఎఫ్6 వీఎండీ ఎఫ్‌ఎల్‌పీవై అని ఉంటుంది. ఎఫ్‌ఎల్‌పీవై అంటే ఫ్లాపీ! ఎఫ్6 పోయింది, ఫ్లాపీ పోయింది, పేరు మాత్రం మిగిలింది.

గంటస్తంభం_రిపేర్లు
ఇన్నేళ్ళుగా ఆ ఫోల్డర్ కాపీ చేస్తున్నాను, ఇది మాత్రం చూసుకోలేదు సుమండీ. మూడు షాపుల ఫ్లాపీ డ్రైవ్ కళ్ళముందు కదిలింది.

బొబ్బిలి_వీణ
రిపేర్లు గారూ, మీరు షాపులో ప్రతి లాప్‌టాప్‌కీ ఇలా బ్రౌజ్ చేస్తూ కూర్చుంటారా?

గంటస్తంభం_రిపేర్లు
లేదమ్మా. విండోస్‌లోనే ఉండే డిస్మ్ కమాండ్‌తో డ్రైవర్లని పెన్‌డ్రైవ్ ఇమేజ్‌లోకే ఎక్కించి పెట్టుకున్నాను. బూట్.విమ్‌లో రెండు ఇమేజ్‌లు ఉంటాయి, సెటప్ నడిచేది రెండోది. కొందరు మొదటిదాంట్లో ఎక్కించి, పనిచేయలేదని నన్ను తిడతారు. అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్‌లో కూడా ఎక్కిస్తాను. సెటప్‌కి డిస్క్ కనిపించి, వేసిన విండోస్‌కి కనిపించకపోతే ఏం లాభం? ఒక్కసారి చేసుకునేవాడికి ఇదంతా దండగ, లోడ్ డ్రైవర్ చాలు.

జీడిపప్పు_లినక్స్
మా ఆఫీసులో వర్చువల్ మిషన్‌లకి కూడా ఇదే కథ. కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మిషన్‌లు నడిపేది) మీద విండోస్ వేస్తూ డిస్క్‌ని విర్ట్‌ఐఓ అనే వర్చువల్ రకంగా ఇస్తే సెటప్‌కి కనిపించదు. విర్ట్‌ఐఓ ఐఎస్‌ఓని రెండో సీడీగా తగిలించి అందులోంచి డ్రైవర్ చూపించాలి. అసలు డిస్కే లేని చోట కూడా డిస్క్ డ్రైవర్ తిప్పలు తప్పవు.

నాగావళి_కుర్రోడు
వచ్చింది!!!

జరిగింది చెబుతాను. ఫోల్డర్ కాపీ చేసుకుని బ్రౌజ్‌లో చూపించాను. చాలా లైన్లు వచ్చాయి, అన్నీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టి వీఎండీ అనే మొదలవుతున్నాయి, చివర నంబర్లు వేరు. ఏది నొక్కాలో తెలియక చెమటలు పట్టాయి. కింద చూస్తే, ఈ కంప్యూటర్‌కి సరిపడని డ్రైవర్లు దాచు అనే చోట టిక్ లేదు. కంగారులో నేనే తీసేసినట్టున్నాను. టిక్ పెట్టగానే మిగతావన్నీ పోయి 467ఎఫ్ అని ఉన్న లైను మిగిలింది. దాన్నే ఎంచుకుని నెక్స్ట్ కొట్టాను. చుక్కలు తిరుగుతున్నాయి, చెల్లి పక్కనే నిలబడి "పోయిందా? పోయిందా?" అంటోంది. పది సెకన్లకి లిస్టులో డిస్క్ ప్రత్యక్షం. పాత పార్టిషన్లతో సహా!

గంటస్తంభం_రిపేర్లు
467ఎఫ్ అంటే నీ 12వ జనరేషన్‌దే, సరిగ్గా పట్టావు. తుడిచే ముందు ఆగు. పాత పార్టిషన్లలో మీ అన్నయ్యకి కావలసినవి ఏమైనా ఉన్నాయేమో ఫోన్ చేసి అడుగు. ఇప్పటిదాకా డిస్క్ కనిపించలేదు కాబట్టి ఏమీ పోలేదు. ఇక నుంచి నొక్కినదల్లా పోతుంది.

నాగావళి_కుర్రోడు
మంచిపని చేశారు మాస్టారూ. ఫోన్ చేస్తే "అరే, డీ డ్రైవ్‌లో పెళ్ళి ఫోటోలున్నాయిరా" అన్నాడు! సీ ఒక్కటి డిలీట్ చేసి అక్కడే వేస్తున్నాను, డీ ముట్టుకోలేదు. బిట్‌లాకర్ ఉంటే అదో తంటా కదా, ఉందా అని అడిగితే లేదన్నాడు.

బొబ్బిలి_వీణ
లేదని వాళ్ళంటారు. మా ఆయనా అన్నాడు.

నాగావళి_కుర్రోడు
అక్కా భయపెట్టకండి. ఇన్‌స్టాల్ 34 శాతంలో ఉంది.

నాగావళి_కుర్రోడు
విండోస్ లేచింది. కానీ టచ్‌ప్యాడ్ పనిచేయట్లేదు, వైఫై లిస్టు ఖాళీ. నెట్ లేనిదే ముందుకు వెళ్ళనంటోంది. నెట్ కావాలంటే వైఫై డ్రైవర్ కావాలి, వైఫై డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి. మళ్ళీ ఆ పిచ్చీ పెళ్ళే!

జీడిపప్పు_లినక్స్
😂 ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయి. దానికి డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. టచ్‌ప్యాడ్‌కి ప్రస్తుతానికి యూఎస్‌బీ మౌస్ పెట్టుకో. నెట్ తగలగానే మిగతా డ్రైవర్లు అవే దిగుతాయి.

కంచిలి_కొబ్బరి
వీఎండీ ఆపి ఉంటే

పొందూరు_దారం
వైఫై కూడా వచ్చేదంటారా?

నాగావళి_కుర్రోడు
టెథరింగ్‌తో నడిచింది, అప్‌డేట్లు దిగుతున్నాయి, వైఫై వచ్చేసింది, టచ్‌ప్యాడ్ ఇప్పుడే కదిలింది. డీ డ్రైవ్ తెరుచుకుంది, కీ అడగలేదు, పెళ్ళి ఫోటోలు అన్నీ ఉన్నాయి. అందరికీ థాంక్స్. రేపు ఆ షాపుకి వెళ్ళి ఈ లాప్‌టాప్ ఆన్ చేసి చూపిద్దామనుకుంటున్నాను.

గంటస్తంభం_రిపేర్లు
వద్దు తమ్ముడూ, గొడవెందుకు. ఆ డ్రైవర్ ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా కాపీ పెట్టుకో. పెన్‌డ్రైవ్ మీద పేపర్ ముక్క అంటించి ఏదైనా రాసిపెట్టు.

నాగావళి_కుర్రోడు
అప్పుడే ఆలస్యమైపోయింది మాస్టారూ. చెల్లి ఆ పెన్‌డ్రైవ్ తీసి పాటలు ఎక్కించుకుంటోంది.